డీకేటీ పొలం అమ్ముకోవాలా వద్దా అనేది ప్రభుత్వం తేల్చాల్సిన సంగతేనా?

మోటార్ మెకానిక్, అద్దంకి:

అందరికీ నమస్కారం. అద్దంకిలో నాకు మోటార్ రివైండింగ్ షాపు ఉంది. సొంతూరు ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. ఊళ్ళో మాకు ఎకరా ఎనభై సెంట్ల పొలం ఉంది. అసలు 'ఉంది' అనొచ్చా అన్నదే నా సందేహం.

1976లో మా నాన్నకి డీకేటీ పట్టా ఇచ్చారు, అంటే ప్రభుత్వ బంజరు పేదలకి పంచుతూ, అమ్ముకోకూడదన్న షరతుతో ఇచ్చే పట్టా. ఎమర్జెన్సీ రోజులు. ఇరవై సూత్రాల కార్యక్రమం అని ఊరూరా బంజర్లు పంచుతున్నారు. మా వాటాకి వచ్చింది చిల్లకంప మొలిచిన రాళ్ళ తిప్ప. అమ్మా నాన్నా మూడు వేసవులు కంప కొట్టి రాళ్ళు ఏరారు. ఏరిన రాళ్ళన్నీ ఉత్తరం గట్టు మీద పోశారు. ఆ కుప్ప ఇవాళ్టికీ నా భుజం ఎత్తున ఉంది. మొదటి పంట జొన్న. తర్వాత కంది, శనగ. 1998లో అప్పు చేసి బోరు వేశారు. పట్టా ఇచ్చింది ప్రభుత్వమే, నేను కాదనను. కానీ పొలం చేసింది మా అమ్మా నాన్న.

నాన్న పోయి ఆరేళ్ళయింది. నేను సేద్యం చేయలేను, కౌలుకిచ్చాను. నాకు కావలసింది ఒక సెకండ్ హ్యాండ్ లేతు మిషను. ఇప్పుడు సబ్‌మెర్సిబుల్ మోటారు షాఫ్టు అరిగితే ఒంగోలు పంపాలి. రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు రైతు చేలో మొక్క వాడిపోతుంది. మిషనుకీ షెడ్డుకీ కలిపి తొమ్మిది లక్షలు కావాలి. పొలంలో సగం అమ్మితే చాలు.

మా గట్టుకి అవతల పట్టా పొలం. అదే నేల, అదే వాన. పోయినేడు ఎకరం పద్దెనిమిది లక్షలకి రిజిస్టర్ అయింది. నా దగ్గరికీ ఒకాయన వచ్చాడు. ఎకరానికి ఐదు లక్షలు ఇస్తా, తెల్లకాగితం మీద రాసుకుందాం అన్నాడు. మొహమాటం లేకుండా అన్నాడు, ఊళ్ళో అలా చాలా కొన్నాడు కూడా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎకరానికి పదమూడు లక్షలు ఎవరు తిన్నట్టు? ఇలా పంచిన భూములు అమ్మకూడదన్న 1977 చట్టం అమ్మకాన్ని ఆపలేదు. ధర పడగొట్టింది, కాగితాన్ని దొంగ కాగితం చేసింది. చట్టానికి భయపడే నాలాంటివాడు నష్టపోతున్నాడు, భయపడనివాడు చవగ్గా కొనుక్కుంటున్నాడు.

బ్యాంకులో అడిగితే పంట రుణం వరకైతే సరే, మిషనుకి మాత్రం డీకేటీ కాగితం పనికిరాదన్నారు.

2023లో, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకి, అంటే ఇలా ప్రభుత్వం పంచిన భూములకి, పూర్తి హక్కులు ఇస్తూ చట్టం సవరించినప్పుడు మా అమ్మ ఏడ్చింది. సంతోషంతోనే. దరఖాస్తు పెట్టాం, జాబితాలో పేరు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. ఫ్రీహోల్డ్ (పూర్తి హక్కు) పేరుతో అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. అక్రమం చేసినవాణ్ణి పట్టుకోవద్దని నేను అనను, పట్టుకోవాలి. కానీ రాళ్ళు ఏరినవాడి కొడుకు ఎందుకు ఆగాలి? ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాను. "పైనుంచి రావాలి" అన్నది ఒక్కటే మాట.

నేను డిగ్రీ దాకా చదివినవాణ్ణి కాదు. అయినా ఈ తిరుగుడులో నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. గట్టు తగాదా తీర్చడం ప్రభుత్వం పని. కొలత సరిగ్గా వేసి, రికార్డు రాసి, దొంగ పత్రం పుట్టిస్తే జైల్లో పెట్టడం ప్రభుత్వం పని. నా సొత్తు నేను ఎవరికి, ఎంతకి, ఎందుకు అమ్ముతాను అనేది మాత్రం కాదు. దీన్ని లిబర్టేరియన్ వాదం అంటారని మా బావమరిది చెప్పాడు. పేరేదైనా సరే. యాభై ఏళ్ళ తర్వాత కూడా "నీ మంచికే అమ్ముకోవద్దంటున్నాం" అనడానికి ప్రభుత్వానికి ఏ న్యాయం ఉందో తెలిసినవాళ్ళు చెప్పండి. నన్ను ఒప్పించినా సరే.


పొన్నూరు పెద్దాయన:

బాబూ, నువ్వు అడిగింది కొత్త ప్రశ్న కాదు. నేను పన్నెండేళ్ళ పిల్లవాడిగా విన్నాను.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. రైతు తన చెక్కని అందరి చెక్కలతో కలిపి దున్నాలన్నది దాని సారాంశం. మా నిడుబ్రోలు ఆచార్య రంగా గారు దానికి ఎదురు తిరిగి కాంగ్రెస్ వదిలారు. ఆ ఏడే పుట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యారు. వెనక రాజాజీ, మీనూ మసానీ ఉన్నారు. మా నాన్న నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సభకి తీసుకెళ్ళాడు. ఉపన్యాసం నాకేం అర్థమవుతుంది? తిరిగొస్తూ నాన్న చెప్పింది మాత్రం గుర్తుంది. పొలం మనదైతే ఎవరి ముందైనా చెప్పులేసుకుని నిలబడతాం, పొలం సర్కారుదైతే సర్కారు ముందు చెప్పులు చేత పట్టుకోవాలి అన్నాడు.

రంగా గారిని జమీందార్ల మనిషి అనేవాళ్ళకి ఒకటి చెబుతాను. జమీందారీల మీద రైతుల్ని కూడగట్టినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉన్నారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి రైతుబిడ్డల్ని ఉద్యమానికి తయారుచేశారు. జమీందారు పోయాక ఆ కుర్చీలో సర్కారు కూర్చోకూడదన్నదే ఆయన పట్టు. 1964లో రాజ్యాంగం 17వ సవరణతో 'ఎస్టేట్' అన్న మాటని జమీందారీలే కాక రైత్వారీ భూములకి, అంటే రైతు నేరుగా సర్కారుకి శిస్తు కట్టే భూములకి కూడా సాగదీశారు. స్వతంత్ర పార్టీ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1967లో లోక్‌సభలో ఆ పార్టీకి 44 స్థానాలు వచ్చాయి. 1974కల్లా పార్టీయే లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. ఎమర్జెన్సీ పోయిందని మేము పండగ చేసుకుంటుంటే, జనతా ప్రభుత్వం 1978లో 44వ సవరణ తెచ్చి ఆస్తిహక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. ఇప్పుడు మిగిలింది 300ఎ అధికరణం. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదని దానర్థం. ఆ చట్టం చేసేది మళ్ళీ వాళ్ళేగా. కాబట్టి అమ్ముకునే హక్కు లేని పొలం నీది కాదనే నేనంటాను. నువ్వు దానికి కాపలాదారువి.


నెల్లూరు జిల్లా టీచరమ్మ:

పోస్టు రెండుసార్లు చదివాను. మీ బాధ నిజమైనదే. అయినా నేను అటువైపు నిలబడలేను. ఎందుకో చెప్పాలంటే మా అమ్మమ్మ సంగతి చెప్పాలి.

మేము ఎస్సీలం. అమ్మమ్మకి 1974లో రెండెకరాలు ఇచ్చారు, సముద్రానికి దగ్గరగా. 1989లో మా పిన్ని పెళ్ళికి నాలుగు వేలు అప్పు తెచ్చింది. అప్పిచ్చినాయన ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. నోటు అన్నాడు. అమ్మమ్మకి చదువు రాదు. రెండేళ్ళ తర్వాత పొలంలోకి వెళ్తే పొక్లెయినరు గుంత తవ్వుతోంది. అది అమ్మకం కాగితమట. అప్పుడు మా వైపు రొయ్యల చెరువుల జోరు. వరి పండిన నేలలో ఉప్పునీళ్ళు పెట్టారు. అమ్మమ్మ ఆ చెరువుకే కాపలా కూలీగా వెళ్ళింది. తన పొలంలో తనే రాత్రిళ్ళు టార్చి పట్టుకుని తిరిగింది.

2002లో ఆ పొలం మాకు తిరిగి వచ్చింది. ఎలా వచ్చింది? మీరు తప్పుబడుతున్న చట్టంతోనే. నాలుగో సెక్షన్ కింద, అమ్మకం చెల్లదు, అసలు పట్టాదారుకి అప్పగించండి అని ఆర్డరు ఇచ్చారు. ఆ నిషేధం లేకపోతే 1989లోనే ఆ వేలిముద్ర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముద్ర వేయించుకుని పక్కా డాక్యుమెంటు అయ్యేది. ఇక ఏ కోర్టూ మా మొహం చూసేది కాదు.

మీరు స్వేచ్ఛగా అమ్ముతానంటున్నారు. మీకు షాపు ఉంది, పక్క పొలం ధర తెలుసు, ఇష్టం లేకపోతే వద్దని చెప్పే ధైర్యం ఉంది. అప్పులవాడు గుమ్మంలో కూర్చుని ఉండగా, లోపల పెళ్ళికూతురు ఏడుస్తుండగా పెట్టిన వేలిముద్రని స్వేచ్ఛ అంటారా? ప్రభుత్వం పక్కకి తప్పుకుంటే మా ఊళ్ళో ఖాళీ మిగలదు. ఆ చోట్లోకి పెద్ద రైతు వస్తాడు.

పెద్దాయన గారూ, గౌరవంగానే అడుగుతున్నాను. మీ నాన్నగారు చెప్పులేసుకుని నిలబడాలన్నారు. ఆ రోజుల్లో మా తాత పెద్దవీధిలో చెప్పులు చేత పట్టుకునే నడిచాడు, సర్కారు ముందు కాదు, ఊరి ముందు. స్వతంత్ర పార్టీలో రాజాలూ మహారాజులూ చాలామందే చేరారు. భూమి ఉన్నవాడి హక్కు గురించి అంత మాట్లాడిన పార్టీ, భూమి లేనివాడికి ఏం చెప్పింది?


పొన్నూరు పెద్దాయన:

అమ్మా, చేతిపనివాళ్ళ గురించీ కూలీల గురించీ సూత్రాల్లో రాశారు. ఊళ్ళల్లో చేసింది తక్కువ. మా పాలెంలో కూలివాళ్ళని ఆ సభకి ఎవరూ పిలవలేదు. నాకు గుర్తుంది. మీరు అడిగింది సబబే.


గుంటూరు కుర్రాడు:

అన్నా, ఒక్క మాట. మీ నాన్న బోరుకి 2004 నుంచి ఉచిత కరెంటే కదా? అది తీసుకుంటూ ప్రభుత్వం హద్దులో ఉండాలంటే ఎలా?


మోటార్ మెకానిక్, అద్దంకి:

తమ్ముడూ, సరైన మనిషినే అడిగావు, నేను బతికేది ఆ మోటార్ల మీదే. నా షాపుకి కాలి వచ్చే మోటార్లలో ఎక్కువ భాగం లో వోల్టేజికో, ఒక ఫేజు పోయో కాలినవే. కరెంటు ఉచితం కాబట్టి రైతు బోరుకి మీటరు అవసరం లేదన్నారు. మీటరు లేకపోతే ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఎంత లోడు ఉందో ఎవరికి తెలుస్తుంది? ఐదు హెచ్‌పీ అని రాయించి ఏడున్నర బిగిస్తారు. వోల్టేజి పడుతుంది, కాయిలు నల్లబడుతుంది. ఒకసారి వైండింగుకి రైతు నా చేతిలో పెట్టేది ఆరేడు వేలు. నాన్న మోటారుకే నేను మూడుసార్లు కాయిలు చుట్టాను. ఆ డబ్బుతో నా ఇల్లు గడుస్తుంది. అయినా చెబుతున్నా, మీటరు పెట్టి, పగటిపూట మంచి వోల్టేజి ఇచ్చి, బిల్లు తీసుకుంటే రైతుకి అదే చవక. ఉచితం తీసుకున్నది నిజం. మాకు ఇంకో దారి లేదు కాబట్టి తీసుకున్నాం.

టీచర్ గారూ, మీకు జవాబు రాయడానికి నాకు కొంచెం టైము కావాలి.


రిటైర్డ్ ఆర్‌ఐ:

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. వాదనలు తర్వాత. కొన్ని సంగతులు సరిచూసుకోండి.

ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన అసైన్‌మెంట్లలో అమ్ముకోకూడదన్న షరతు సాధారణంగా ఉండదు. మీది 1976ది కాబట్టి షరతు ఉంటుంది. 1977 నాటి 9వ చట్టం ఆ ఏడు జనవరి 21 నుంచి అమలు. మూడో సెక్షన్ బదిలీ నిషేధం. ఐదో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారు డాక్యుమెంటు తీసుకోకూడదు. ఆరో సెక్షన్‌లో సహకార సంఘాలకీ షెడ్యూల్డు బ్యాంకులకీ తనఖా పెట్టడానికి మినహాయింపు ఉంది. బ్యాంకు వద్దన్నది చట్టం వల్ల కాదు, వేలం వేస్తే కొనేవాడు ఉండడని. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ సెక్షన్ వచ్చాక ఇలాంటి భూముల సర్వే నంబర్లు రిజిస్టర్ చేయకూడని నిషేధిత జాబితాకెక్కాయి. అందులో పొరపాటున ఎక్కిన పట్టా భూములూ ఉన్నాయి. తీయించుకోవడానికి జనం పడ్డ పాట్లు నా సర్వీసులో కళ్ళారా చూశాను.

ఒక మేలైన సంగతి. పాత పట్టాల్లో ప్రజావసరానికి పరిహారం లేకుండా వెనక్కి తీసుకోవచ్చని రాసి ఉండేది. 2004లో చేవెళ్ల కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం అది చెల్లదంది. భూమి సేకరిస్తే అసైన్డ్ రైతుకీ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. అంటే తీసుకునేటప్పుడు మీరు యజమాని, అమ్మేటప్పుడు కాదు. ఈ రెండూ ఎలా పొసుగుతాయో ముప్పై ఏళ్ళు పనిచేసినా నాకు అంతుపట్టలేదు.


అనంతగిరి కాఫీ రైతు:

మా ఏజెన్సీ మాట కూడా వినండి. ఇక్కడ 1/70 ఉంది. 1959 రెగ్యులేషన్‌ని 1970లో గట్టిచేశారు. గిరిజనేతరుడికి మా ప్రాంతంలో భూమి బదిలీ కాకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే లెక్క, కాదని వాడే రుజువు చేసుకోవాలి. అద్దంకి అన్న చెప్పినట్టు ఎవరిష్టం వాళ్ళదంటే, పదేళ్ళలో ఘాట్ రోడ్డు పొడుగునా రిసార్టులు, మేము వాటిల్లో పనివాళ్ళం.

ప్రభుత్వానికి హద్దు ఉండాలంటున్నారు కదా. మాకు ఆ హద్దు 1997లో వచ్చింది. బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇచ్చినప్పుడు సమత సంస్థ సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. రెగ్యులేషన్‌లో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా అని కోర్టు అంది. గిరిజనేతరుడికి మేము ఇవ్వకూడనట్టే సర్కారూ ఇవ్వకూడదు. అమ్మకూడదన్న చట్టమే సర్కారు చేతులూ కట్టేసింది. అది తీసేస్తే కొనడానికి ముందు వచ్చేది మీలాంటి చిన్నవాడు కాదు.


మోటార్ మెకానిక్, అద్దంకి:

మూడు రోజులు ఆలోచించాను. షాపులో కాయిలు చుడుతూ కూడా అదే ఆలోచన.

అనంతగిరి అన్నా, నీ దగ్గర నా వాదన ఆగిపోతుంది. మాది ఒక మనిషికి ఒక కాగితం మీద ఇచ్చిన పొలం. మీది ఎవరూ ఇచ్చింది కాదు, మీరు ముందునుంచీ ఉన్న కొండ. దాన్ని ఒక్కొక్కరుగా అమ్మొచ్చా అనేది మీ ఊళ్ళు తేల్చుకోవాలి, అద్దంకిలో కూర్చుని నేను కాదు. పైగా సర్కారుని కూడా అదే తాడుతో కట్టిన తీర్పు నాకు బాగా నచ్చింది. నేను అడుగుతున్నదీ అలాంటి తాడే.

టీచర్ గారూ, మీ అమ్మమ్మ టార్చి పట్టుకుని తిరగడం నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. మీరు చెప్పింది కాదనను. కానీ నాకు అదే కథలో ఇంకొకటి కనిపిస్తోంది. 1989లో అబద్ధం చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. అది మోసం. మోసాన్ని పట్టుకోవడం ప్రభుత్వం పని అని నాలాంటివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. అసలు ప్రభుత్వం ఉండాల్సిందే అందుకు. పొక్లెయినరు వచ్చాక ఆ పని చేయడానికి పదకొండేళ్ళు పట్టింది. అమ్మకూడదన్న చట్టం పొక్లెయినరుని ఆపలేదు. ఉప్పునీళ్ళనీ ఆపలేదు. ఎస్‌ఐ ఆ కాగితం రాసినవాణ్ణి ఒక్కరోజులో పిలిపించి ఉంటే మీకు నాలుగో సెక్షన్ అక్కర్లేకపోయేది. అన్నీ చేస్తానని మీదేసుకున్న ప్రభుత్వం, చేయాల్సిన ఒక్క పనికి మీ గుమ్మానికి రాలేదు. నా కోపం అంతా దాని మీదే.

అయినా మీ ప్రశ్నకి అది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. గుమ్మంలో అప్పులవాడు మోసం చేయకుండా కూడా పొలం లాగేయగలడు. అందుకని ఇలా అయితే మీకు సమ్మతమా? నిషేధం తీసేయాలి. దాని బదులు అమ్మకం రిజిస్టర్ ఆఫీసులోనే జరగాలి. సర్కారు రేటుకి తగ్గితే చెల్లదు. డబ్బు పట్టాదారు బ్యాంకు ఖాతాలో పడ్డాకే సంతకం. కాగితంలో ఏముందో కొనేవాడి మనిషి కాకుండా ఇంకొకరు చదివి వినిపించాలి. రెండు నెలల్లోపు మనసు మారితే డబ్బు తిరిగిచ్చి పొలం వెనక్కి తీసుకోవచ్చు. ఇది చూసి పెద్దాయన గారు ఇన్ని షరతులా అంటారేమో. పెద్దాయన గారూ, ఇవన్నీ అమ్మేవాడి మాటని అమ్మేవాడి మాటగానే ఉంచడానికి పెట్టే షరతులు. అతని బదులు ప్రభుత్వం నిర్ణయించడం వేరు, ఇది వేరు.

నాకు తెలుసు, ఐదేళ్ళకి ఈ లేతు మిషను నష్టం తేవచ్చు, పొలమూ పోవచ్చు. మా అమ్మ కూడా అదే అంటోంది. ఆమెకి ఆ మాట అనే హక్కు ఉంది, రాళ్ళు మోసింది ఆమె. ఆమె వద్దంటే నేను అమ్మను. జిల్లాలో నా మొహం ఎప్పుడూ చూడనివాడు వద్దంటే మాత్రం నాకు ఒప్పుదల కాదు.

ఆర్‌ఐ గారూ, నాన్న పట్టాలో షరతుల పేజీ చిరిగిపోయింది. దాని నకలు ఎక్కడ దొరుకుతుంది?


రిటైర్డ్ ఆర్‌ఐ:

తహసీల్దారు ఆఫీసులో 1976 నాటి అసైన్‌మెంట్ ఫైలు ధ్రువీకరించిన నకలు కావాలని సమాచార హక్కు కింద రాసి అడగండి. నోటిమాటగా అడగొద్దు. దాంతోపాటు ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత సర్వే రిజిస్టర్లో) మీ సర్వే నంబరు ఎలా ఉందో, అసైన్‌మెంట్ రిజిస్టర్లో నాన్నగారి పేరు ఎలా రాశారో నకళ్ళు అడగండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా విచారణలో పక్కన పెట్టేస్తారు. ముందు ఆ తప్పు సరిచేయించండి.


మోటార్ మెకానిక్, అద్దంకి:

సోమవారమే పెడతాను సార్. టీచర్ గారూ, మీ పొలంలో ఇప్పుడేం వేస్తున్నారు?


నెల్లూరు జిల్లా టీచరమ్మ:

నాలుగేళ్ళు గడ్డి తప్ప ఏమీ రాలేదు. వానాకాలం మంచినీళ్ళు పెట్టి, వదిలి, జీలుగ చల్లి కలియదున్నాం. ఇప్పుడు వరి పండుతోంది, ఉప్పుకి తట్టుకునే రకం. మీరు రాసిన రెండు నెలల గడువు మాట నాకు నచ్చింది. చదివి వినిపించేది ఎవరు, వాళ్ళు ఎవరి మనిషి అనే దగ్గరే నా మనసు ఒప్పడం లేదు. మా ఊళ్ళో ఆ పని చేయగలిగేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అమ్మమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. అమ్మ పేరు మీదికి మార్చమని రెండుసార్లు అర్జీ పెట్టాం. 1బి భూమి రికార్డులో ఇంకా అమ్మమ్మ పేరే ఉంది.